ఛత్తీస్‌గఢ్‌లో పునరుత్పత్తి ఆరోగ్య సేవలు: ప్రైవేటుతో ప్రభుత్వ ఒప్పందాల చరిత్ర

ప్రసవం, కుటుంబ నియంత్రణ, గర్భసంచి జబ్బుల చికిత్స వంటి సేవలకు ప్రభుత్వం డబ్బు చెల్లించి, వాటిని ప్రైవేటు ఆసుపత్రుల చేతో స్వచ్ఛంద సంస్థల చేతో చేయించే ఏర్పాటు చాలా పేద దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో రాజధాని రాయ్‌పూర్ నుంచి నడిచిన ఇలాంటి ఒప్పందాల్లో మూడు ముఖ్యమైనవి: ప్రసవాలకు గుర్తింపు పొందిన నర్సింగ్ హోములు, గర్భిణుల అంబులెన్సులు, స్మార్ట్ కార్డు మీద ఆపరేషన్లు. మూడింటికీ డబ్బు లెక్కగట్టే తీరు వేరు. ఆ తేడాను బట్టే ఆడవాళ్లకు కొన్ని మేలు చేశాయి, కొన్ని తీరని నష్టం చేశాయి.

తొలి ప్రయత్నాలు

1960ల్లో తైవాన్‌లో గర్భనిరోధక లూప్ వేయించుకోవాలనుకున్న స్త్రీకి ఒక కూపన్ ఇచ్చేవారు. ఆమె దాన్ని తీసుకుని తనకు నచ్చిన ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళితే సగం ఫీజు కార్యక్రమం నుంచి అందేది. దక్షిణ కొరియా కూడా ఊరి డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, వేసిన ఒక్కో లూప్‌కు ఇంతని చెల్లించింది. భారతదేశం మరో దారి పట్టింది. 1968లో నిరోధ్ కండోముల పథకం మొదలైనప్పుడు మూడు నిరోధ్‌లను 15 పైసలకు ఊరూరా కిరాణా కొట్లకు చేర్చే పనిని టీపొడి, సబ్బులు అమ్మే కంపెనీలకు అప్పగించారు. బ్రూక్‌బాండ్, లిప్టన్, హిందుస్థాన్ లీవర్, టాటా ఆయిల్ మిల్స్ అందులో ఉన్నాయి. ప్రభుత్వ బండి వెళ్లని పల్లెకు టీపొడి బండి వెళ్లగలదన్న లెక్క అది. ఆ లెక్క తప్పలేదు.

1994 కైరో జనాభా సదస్సు తర్వాత భారత ప్రభుత్వం 1996లో కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ల లక్ష్యాలను కాగితం మీద ఎత్తేసింది. అప్పటికే ఉత్తరప్రదేశ్‌లో అమెరికా సాయంతో ఏర్పడిన సంస్థ ఒకటి ప్రైవేటు డాక్టర్లతోనూ స్వచ్ఛంద సంస్థలతోనూ ఒప్పందాలు చేసుకుంటోంది. కంబోడియా 1999 నుంచి కొన్ని జిల్లాల ఆరోగ్య సేవలనే గుత్తకిచ్చి చూసింది. కెన్యా 2006లో పేద గర్భిణులకు ప్రసవ వోచర్లు అమ్మడం ప్రారంభించింది.

గుజరాత్ లెక్క

మన దేశంలో ఎక్కువగా చర్చకు వచ్చింది గుజరాత్ ‘చిరంజీవి యోజన’. 2005 డిసెంబరులో ఐదు జిల్లాల్లో మొదలై 2007లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఇందులో డాక్టరుకు కేసుకు ఇంతని ఇవ్వలేదు. మొదట్లో వంద ప్రసవాలకు కలిపి 1,79,500 రూపాయలు ఇచ్చేవారు. ఆ వందలో ఏడు సిజేరియన్లు ఉండవచ్చని ముందే అంచనా వేసుకున్నారు. మామూలు కాన్పయినా కోత కాన్పయినా అందే డబ్బు ఒకటే కాబట్టి, అనవసరంగా కత్తి పట్టినందువల్ల డాక్టరుకు లాభం ఉండదు. ఈ రంగంలో ఇంత ఆలోచించి రాసిన ఒప్పందాలు అరుదు. దానికీ ఒక కంత ఉంది: కష్టమైన కాన్పుల్ని సర్కారు దవాఖానాకు పంపేసి, సులువైనవి తాము ఉంచుకునే వీలు. 2014లో వెలువడిన ఒక పరిశోధన, పథకం వల్ల ఆసుపత్రి ప్రసవాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని తేల్చింది.

కొత్త రాష్ట్రం, పాత కొరత

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడింది. అప్పుడు రాష్ట్రం మొత్తానికి ఉన్న వైద్య కళాశాల రాయ్‌పూర్‌లో 1963లో స్థాపించినది ఒక్కటే. కొరతకు ప్రభుత్వం మొదట వెతికిన జవాబు ప్రైవేటు రంగం కాదు, పల్లె ఆడవాళ్లు. 2002లో ప్రారంభమైన ‘మితానిన్’ కార్యక్రమంలో ప్రతి పాడాకూ (పల్లెలోని పేటకూ) ఒక మహిళను ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో ప్రాణస్నేహితురాలు. తర్వాత దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తలకు ఆమె అక్క అనవచ్చు.

2005లో వచ్చిన జననీ సురక్షా యోజన కింద ఆసుపత్రిలో కాన్పయిన పల్లె తల్లికి ఈ రాష్ట్రంలో 1,400 రూపాయలు ఇచ్చారు. గుర్తింపు పొందిన ప్రైవేటు నర్సింగ్ హోములో కాన్పయినా సాయం వర్తించింది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఆసుపత్రి కాన్పులు నూటికి 14 మాత్రమే. 2015–16 నాటికి అవి 70కి, 2019–21 నాటికి సుమారు 86కి చేరాయి. ఆఖరి లెక్కలో 70 దాకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగినవే. నర్సింగ్ హోములు ఎక్కువగా పట్టణాల్లోనే వెలిశాయి. బస్తర్ అడవి ఊళ్లలో గర్భిణిని చేర్చుకోవడానికి ప్రభుత్వ కేంద్రం తప్ప వేరే దిక్కు లేదు. 2011లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, మందులు, భోజనం పూర్తిగా ఉచితం అయ్యాక జనం అటే మళ్లారు.

రవాణా ఒప్పందంలో తెలుగు నేల పాత్ర ఉంది. 2005లో హైదరాబాద్‌లో పుట్టిన అంబులెన్సు సంస్థ ఈఎంఆర్ఐ, 2009 తర్వాత జీవీకే ఈఎంఆర్ఐగా మారి, 2011లో ఛత్తీస్‌గఢ్‌లో 108 ‘సంజీవని ఎక్స్‌ప్రెస్’ బళ్లు నడిపింది. 2013లో గర్భిణులకూ పసిబిడ్డలకూ ప్రత్యేకంగా 102 ‘మహతారీ ఎక్స్‌ప్రెస్’ వచ్చింది. మహతారీ అంటే అమ్మ. తర్వాతి ఏళ్లలో గుత్తేదారులు మారినా 102 నంబరు ఊళ్లలో నిలిచిపోయింది. బండి వచ్చిందో రాలేదో ఇంటివాళ్లకూ మితానిన్‌కూ కళ్ల ముందే కనబడుతుంది. ఇలా కంటికి కనిపించే సేవను కొనడంలో మోసానికి చోటు తక్కువ.

స్మార్ట్ కార్డు, గర్భసంచి

ఆపరేషన్ అలా కాదు. అది అవసరమో కాదో చెప్పేదీ, చేసేదీ, బిల్లు పెట్టేదీ ఒకే డాక్టరు. 2008లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన కింద ఐదుగురు సభ్యుల పేద కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల వరకు చికిత్స ఉచితంగా అందేది. ఛత్తీస్‌గఢ్ దాన్ని అందిపుచ్చుకుని, 2012లో ముఖ్యమంత్రి స్వాస్థ్య బీమా యోజనతో పేదలు కాని కుటుంబాలకూ కార్డు ఇచ్చింది. జాబితాలో చేరిన ఆసుపత్రికి ఒక్కో ఆపరేషన్‌కు ఇంతని రేటు. మందులిచ్చి పంపే ఓపీ చికిత్సకు కార్డు మీద పైసా వచ్చేది కాదు. నడుం నొప్పి, తెల్లబట్ట, అధిక రక్తస్రావంతో వచ్చిన స్త్రీకి మాత్రలు రాసిస్తే ఆసుపత్రికి కార్డు నుంచి ఏమీ దక్కేది కాదు, గర్భసంచి తీసేస్తే దక్కేది.

2012 వేసవి దాటేసరికి రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి వార్తలు వచ్చాయి. ముప్పైల్లో ఉన్న ఆడవాళ్లకు ‘తీయించుకోకపోతే క్యాన్సర్ వస్తుంది’ అని చెప్పి స్మార్ట్ కార్డు మీద గర్భసంచులు తొలగించారని తేలింది. శాసనసభ దద్దరిల్లింది. విచారణ తర్వాత రాష్ట్ర వైద్య మండలి కొందరు డాక్టర్ల రిజిస్ట్రేషన్లను సస్పెండ్ చేసింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి. కూలికెళ్లి వంగి నాట్లు వేసే మనిషికి అది జీవితాంతం మోయాల్సిన బరువు. సస్పెన్షన్ ఆ బరువును తగ్గించదు.

కార్డున్నా చేతి డబ్బు తప్పలేదన్నది మరో సంగతి. రాయ్‌పూర్ మురికివాడల స్త్రీలతో మాట్లాడిన పరిశోధకులకు, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినవారు కార్డు చూపించాక కూడా మందులకనీ పరీక్షలకనీ విడిగా చెల్లించినట్టు తెలిసింది.

ఇందులో తెలుగు రాష్ట్రాలకు పక్కింటి గోడు అని తప్పుకునే వీలు లేదు. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు నుంచే కోస్తాలోనూ తెలంగాణలోనూ చిన్న పట్టణాల నర్సింగ్ హోములు ఇదే పని చేస్తున్నాయి. కొన్నేళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో గర్భసంచి తొలగింపును ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సివచ్చింది. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటులో జరిగినవే.

కు.ని. శిబిరాలు

కు.ని. ఆపరేషన్ల నాణ్యతపై రమాకాంత్ రాయ్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో కు.ని. డాక్టర్లకు జాబితా, జిల్లాకో నాణ్యతా కమిటీ, బాధితులకు బీమా వచ్చాయి. గుర్తింపు పొందిన ప్రైవేటు సంస్థలకూ ఆ బీమా వర్తించింది. గుర్తింపు ఇచ్చినంత సులువుగా తనిఖీ జరగలేదు. 2012 జనవరి 7 రాత్రి బిహార్‌లోని అరరియా జిల్లా కపర్‌ఫోరా బడిలో, గుర్తింపు పొందిన ఒక స్వచ్ఛంద సంస్థ శిబిరం పెట్టింది. టార్చిలైట్ల వెలుగులో రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు ఒకే డాక్టరు ఆపరేషన్ చేశాడు. ఆరోగ్య కార్యకర్త దేవికా బిశ్వాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు.

కేసు నడుస్తుండగానే 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర పెండారీలో మూతపడి ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో 83 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు జరిగాయి. రోజుకు 30కి మించరాదన్నది నియమం. ఆ వారం ఆ శిబిరంలోనూ మరికొన్ని చోట్లా ఆపరేషన్ అయినవారిలో 13 మంది చనిపోయారు. ఇంటికిచ్చి పంపిన మాత్రల్లో విషం కలిసిందన్న అనుమానం, సెప్టిక్ అయిందన్న నివేదిక రెండూ వచ్చాయి. విచారణకు అనితా ఝా ఏకసభ్య కమిషన్ ఏర్పడింది. పెండారీలో కత్తి పట్టినది ప్రభుత్వ డాక్టరు, కపర్‌ఫోరాలో ప్రైవేటు డాక్టరు. రెండు చోట్లా పనిని కొలిచింది ఆపరేషన్ల సంఖ్యతోనే కాబట్టి, తప్పు ప్రైవేటుదా సర్కారుదా అన్న వాదన అసలు విషయాన్ని పట్టుకోదు. 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు, మూడేళ్లలో శిబిరాల పద్ధతినే ఆపాలని ఆదేశించింది.

2018 తర్వాత

2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక బీమా పరిమితి 5 లక్షలకు పెరిగింది. 2020 జనవరి నుంచి ఛత్తీస్‌గఢ్ దాన్ని డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ పేరిట ఉన్న రాష్ట్ర పథకంతో కలిపి నడిపింది. 2019–21 సర్వే ప్రకారం రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల్లో సిజేరియన్లు సుమారు 9 శాతం, ప్రైవేటులో 57 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81 శాతం దాటాయి. ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018–20లో ఛత్తీస్‌గఢ్‌లో 137, ఆంధ్రప్రదేశ్‌లో 45. అంటే కోత అవసరమైన చాలామందికి అందడం లేదు, అవసరం లేని చాలామందికి పడుతోంది.

రాజస్థాన్, బిహార్, ఛత్తీస్‌గఢ్ గర్భసంచి ఆపరేషన్ల మీద 2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి కమిటీలు గర్భసంచి ఆపరేషన్ల లెక్క సేకరించాలి. నలభై ఏళ్లలోపు స్త్రీల కేసులను విడిగా చూడాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ ఈ లెక్క ఇవ్వాల్సిందే.