సగము సింహము: ఒక సైనికచిహ్నపు వంశచరిత్ర

శాసనములు చదువువారికి రాతిపలక ఎట్టిదో, సైన్యచరిత్ర చదువువారికి ఇత్తడిబిళ్ల అట్టిది. కచేరీలలో బిళ్లబంట్రోతు అను మాట మనవారెరిగినదే. అతని పట్టీమీది బిళ్ల అతడు ఏ కొలువువాడో చూచినవారికి తెలిపెడిది. సిపాయి తలపాగకు, టోపీకి, భుజమునకు తగిలించుకొను బిళ్ల పనియు నదియే. అయితే మనిషి పోయి, పటాలము పోయి, పటాలమును పోషించిన ప్రభుత్వము సైతము పోయిన పిదప, బిళ్ల యొక్కటి మట్టిలో మిగిలినచో అది ఎవరి కొలువును చెప్పుచున్నదో తేల్చుట అంత సులభము కాదు.

లోహశోధక యంత్రములు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చిన తరువాత ఇట్టి బిళ్లలు వెలికి వచ్చుట హెచ్చినది. పాత దండుబజారులు, కవాతు మైదానములు వీనికి నెలవులు. మన దేశమున ఈ వేడుకకు కొన్ని కట్టుబాట్లు గలవు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరికిన వస్తువు వెల పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలియజేయవలెను. రక్షిత కట్టడముల ఆవరణలో త్రవ్వరాదు. ఈ మాట ముందుగా చెప్పుట మేలు. ఏలయన చట్టమును ఎరుగని ఉత్సాహము పెక్కు చోట్ల చరిత్రను పాడుచేసినది.

బిళ్ల దొరకగానే చింతపండుతో తోమి తళతళలాడించుట మనవారి అలవాటు. పూజాపాత్రల కది తగును గాని దీనికి తగదు. తోముటవలన అచ్చు పదును అరిగిపోవును. వెనుకవైపు చిన్న అక్షరములతో పోతపోసినవాని పేరున్నచో అదియు చెరిగిపోవును. వెనుకభాగమే ముందు చూడవలసినది. ఇంగ్లండులో యంత్రముపై అచ్చొత్తిన బిళ్ల పలుచగా నుండి, ముందరి బొమ్మ వెనుక గుంటగా కనబడును. మన దేశపు కంచరివాడు ఇసుక అచ్చులో పోసినది దళసరిగా, గరుకుగా నుండును. రెండవది నాసిరకమనుకొని పారవైచినవారు గలరు. పటాలములు తమకు కావలసిన బిళ్లలను బజారులోనే పోయించుకొనుట సాధారణము గనుక, గరుకుదనము అసలుతనమునకు అడ్డు కాదు.

పిదప కిరీటము. భుజములెత్తి నడుమ క్రుంగినట్లున్న కిరీటము విక్టోరియా రాణి నాటిది. గోపురమువలె గుండ్రముగా లేచినది 1901 తరువాతి రాజులది. 1950 జనవరి 26 మొదలు భారతసైన్యమున కిరీటమునకు మారుగా అశోకుని సింహశిఖరము వచ్చినది. అంకె యున్నచో పని మరింత సులభము. 1903లో కిచ్చనరు సేనాని దేశములోని పదాతి పటాలముల కన్నిటికి ఒకే వరుసలో సంఖ్యలు వేయించెను. బంగాళపు పటాలములు 1 మొదలు 48 వరకు. వాయవ్య సరిహద్దువి 50 దాటినవి. మదరాసువి 61 మొదలు. బొంబాయివి 101 మొదలు. మదరాసు పటాలముల పాత సంఖ్యకు అరువది కలిపిరి. 13వ పటాలము 73వ కర్ణాటక పదాతిదళమైనది, 15వది 75వదైనది. ఈ వరుస 1922లో రద్దయినది. కావున భుజమునకు తగిలించు ఇత్తడిపై ‘75’ అని యున్నచో అది ఆ పందొమ్మిది సంవత్సరములలోనిదని కన్నుమూసుకొని చెప్పవచ్చును.

ఆ వరుసలో మదరాసునకును బొంబాయికిని నడుమ 94 మొదలు 99 వరకు ఆరు సంఖ్యలు గలవు. అవి ఏ రాజధానికిని చెందినవి కావు, హైదరాబాదు కంటింజెంటువి. అంకెయు కిరీటమును లేక చిక్కుపెట్టు బిళ్ల ఈ వంశములోనే యొకటి గలదు. దానిపై నడుమువరకే యున్న సింహము లేచి నిలిచి ముందరి పాదములతో శిలువను పట్టుకొని యుండును. సింహమును చూడగానే తెలుగువారికి సింహాచలమో అశోకస్తంభమో జ్ఞప్తికి వచ్చును. శిలువను చూచి ఏదో క్రైస్తవసంఘపు ముద్రయని తోచును. రెండు ఊహలును తప్పే. ఇది నేటి కుమావూను రెజిమెంటు చిహ్నము. హిమాలయపు పాదముల నున్న కుమావూనులో ఈ సింహము పుట్టలేదు. నిజాము ముద్రలనుండియు రాలేదు. ఇది రస్సెలు అను ఆంగ్లకుటుంబము వారి వంశచిహ్నములోని సింహము.

ఈ కుటుంబమువాడైన హెన్రీ రస్సెలు 1811 నుండి 1820 వరకు హైదరాబాదున రెసిడెంటుగా నుండెను. 1800 నాటి సంధి ప్రకారము యుద్ధము వచ్చినచో నిజాము ఆరువేల కాల్బలమును, తొమ్మిదివేల గుఱ్ఱపుదళమును కుంపిణీకి తోడుగా పంపవలెను. (అదే సంధిలో, సికిందరాబాదున నుండిన సబ్సిడియరీ సైన్యపు ఖర్చునకై బళ్లారి, కడప మొదలగు సీమలను నిజాము కుంపిణీకి వదలుకొనెను. దత్తమండలములన్న పేరు వానికి అట్లు వచ్చినది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు సూచించువరకు అదే నిలిచినది.) నిజాము పంపు దండు కవాతు లేని మూకయని రెసిడెంటుల ఫిర్యాదు. రస్సెలు 1813లో ఆంగ్లాధికారుల క్రింద రెండు పటాలములను కట్టించి, వానికి తన పేరే పెట్టించెను. రస్సెలు బ్రిగేడు అనబడిన ఆ దండు 1817 డిసెంబరు 21న మహీద్‌పూరువద్ద హోల్కరు సైన్యముతో పోరాడినది. శౌర్యమునకు లోటు లేదు. లోటెల్ల జీతముల పద్దులోనే.

సంధిలో యుద్ధకాలమునకు మాత్రమే చెప్పిన సైన్యము శాంతికాలమునను నిలిచిపోయినది. దానిపై అజమాయిషీ రెసిడెంటుది. జీతము నిజాము ఖజానాది. ఖర్చు మాటకేమి, నిజాము ఉన్నాడుగదా యని ఆంగ్లాధికారులు భోజనపుబల్లలవద్ద పరిహాసమాడుకొనెడివారట. ఖజానా వట్టిపోగా పేష్కారు చందూలాలు పామరు కంపెనీవద్ద ఏటికి నూటికి 24 రూపాయలకు తగ్గని వడ్డీకి అప్పు తెచ్చి సిపాయిల జీతములు చెల్లించెను. అప్పు తీర్చుటకు మరల అప్పు. పటాలము బోలారములో కవాతు చేయుచుండగా గ్రామములలో రైతు ఆ వడ్డీని కట్టుచుండెను.

ఈ లెక్క 1853లో తేలినది. డల్హౌసీ ఒత్తిడికి నాసిరుద్దౌలా నిజాము లొంగి బీరారును, ధారాశివమును, రాయచూరు అంతర్వేదిని కంటింజెంటు ఖర్చుకై ఆంగ్లేయుల పాలనకు అప్పగించెను. ప్రతిగా ఐదువేల కాల్బలమును, రెండువేల రౌతులను, నాలుగు ఫిరంగిదళములను వారు పోషింపవలెనని ఒడంబడిక. 1860లో ఏబది లక్షల ఋణమును రద్దుచేసి, ధారాశివమును రాయచూరును తిరిగి యిచ్చిరి గాని బీరారును విడువలేదు. ప్రత్తిపంటకు పేరుపడిన సీమ అది. మొదటి సాలారుజంగు తన మంత్రిత్వపు మూడు దశాబ్దులలో దానిని రాబట్టుటకు చేయని ప్రయత్నము లేదు. 1876లో ఇంగ్లండు వరకు పోయియు వట్టి చేతులతో వచ్చెను. 1902లో కర్జను దానిని ఏటికి 25 లక్షల రూపాయలకు శాశ్వతపు కౌలుగా వ్రాయించుకొనెను. బీరారు చిక్కిన మరుసటి యేడే కంటింజెంటు ప్రత్యేకతయు పోయి, దాని ఆరు పదాతి పటాలములు కిచ్చనరు వరుసలో 94 మొదలు 99 వరకు సంఖ్యలైనవి. 94, 95లకు రస్సెలు పేరును, 96నకు బీరారు పేరును మిగిలినవి. సైన్యమునకై పోయిన దేశము పేరు సైన్యపు బిళ్లమీద మాత్రము నిలిచినదన్నమాట!

1922లో ఈ పటాలములు 19వ హైదరాబాదు రెజిమెంటుగా కూర్పబడినవి. మరుసటి యేడు కుమావూను రైఫిల్సు దళము వచ్చి చేరినది. అప్పటికే పేరు ఊరిది, మనుషులు వేరు ఊళ్లవారు. పటాలములలో కుమావూనీలు, అహీర్లు, జాట్లు మెండు. తెలుగు సిపాయి కర్ణాటక పటాలములలోనో మదరాసు సాపర్లలోనో కనబడునే గాని ఇందులో అరుదు. 1945 అక్టోబరు 27న పేరును మనుషులకు తగినట్లు మార్చి కుమావూను రెజిమెంటనిరి. 1947 నవంబరు 3న బద్గామువద్ద ప్రాణములర్పించి తొలి పరమవీరచక్రమునకు పాత్రుడైన మేజరు సోమనాథశర్మ 1942లో సైన్యమున చేరినది హైదరాబాదు రెజిమెంటులోనే. మరణించినది కుమావూను వీరుడుగా. ఆ రెజిమెంటునుండియే వచ్చిన జనరలు శ్రీనాగేశు 1955 మొదలు 1957 వరకు సైన్యాధ్యక్షుడై, 1962 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండెను. హైదరాబాదు పేరుగల రెజిమెంటున పెరిగిన సేనాని హైదరాబాదు రాజభవనమున ఉండుట కాకతాళీయమే గాని వినుటకు ఇంపుగా నుండును.

‘హైదరాబాదు’ అని చెక్కిన ప్రతి బిళ్లయు ఈ వంశముదే యని భ్రమపడరాదు. నిజాము సొంత సైన్యము వేరు. అందులోని రౌతులు మొదటి ప్రపంచయుద్ధమున జోధపూరు, మైసూరు రౌతులతో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీసు బ్రిగేడుగా సూయజు, పాలస్తీనాలలో పోరాడిరి. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు విగ్రహములలో ఒకటి ఈ హైదరాబాదు రౌతుదే. ఆ దారిని దినమును బస్సులో పోవు తెలుగువారు అతనిని తమవాడని గుర్తింపకపోవుట విచిత్రము. కంటింజెంటు గుఱ్ఱపుదళపు సంతతి మరియొకటి. 1916 జూలై 14న సొమ్ము యుద్ధమున హైవుడ్డువద్ద దూకిన 20వ దక్కను హార్సు ఆ కోవలోనిది. ఆ దళము నేడు గుఱ్ఱములు విడిచి టాంకులపై నున్నది.

ఇట్లు ఒక బిళ్ల చేతికి వచ్చినచో, దొరికిన చోటును ముందుగా వ్రాసియుంచుకొనవలెను. బోలారములో దొరికిన ఇత్తడికిని ఢిల్లీ పాతసామానుల అంగడిలో కొన్నదానికిని చాల భేదము గలదు. రెండవది నిన్నటి నకలు కావచ్చును. రస్సెలు సింహపు బిళ్లలు నేటికిని తయారగుచున్నవి. కుమావూను రెజిమెంటు కేంద్రము 1948లో ఆగ్రానుండి రాణీఖేతునకు మారినది. అచ్చట చేరు కొత్త సిపాయి తన టోపీకి తగిలించుకొను సగము సింహము, రెండువందల యేండ్ల క్రిందట హైదరాబాదు రెసిడెన్సీలో కాపురమున్న ఒక దొర ఇంటిది.