చదివాడా, అప్పజెప్పాడా?

మద్రాసు గవర్నరు మన్రో అడిగిన బడుల లెక్క పంపుతూ 1823లో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ ఒక సంగతి రాశాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు, పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం మాత్రం అంటదు. వీధిబడి పిల్లల చదువును తూచిన తొలి మాటల్లో ఇదొకటి.

తర్వాత ఇన్‌స్పెక్టర్ల రాజ్యం. ఇంగ్లండులో 1862లో మొదలైన ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు దొర ముందు ఎందరు ప్యాసైతే బడికి అంత డబ్బు. పంతులు కూడు పిల్లాడి నోట్లో ఉంటే జరిగేదేమిటి? వాచకమంతా బట్టీయే. కవీ, స్వయానా ఇన్‌స్పెక్టరూ అయిన మాథ్యూ ఆర్నాల్డ్ ఆ పద్ధతిని ఇంగ్లండులోనే తూర్పారబట్టాడు.

బట్టీకి చిక్కని పరీక్ష 2005లో ‘ప్రథమ్’ సంస్థ మొదలుపెట్టిన ‘అసర్’ సర్వేతో ఊళ్ళకు చేరింది. బడికి కాదు, ఇంటికే వస్తారు. చేతిలో ఒక్క కాగితం: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ముందు పేరా చూపిస్తారు. సాఫీగా చదివితే కథ ఇస్తారు, తడబడితే పదాలకు దిగుతారు. అయిదు పదాల్లో నాలుగు రావాలి. అవి రాకపోతే అక్షరాలు. మార్కులుండవు, పిల్లాడు ఏ మెట్టు మీదున్నాడో అంతే. ఈ రెండు వందల ఏళ్ళలో ఇంతకన్నా తెలివైన కాగితం పుట్టలేదని నా అభిప్రాయం.

చిక్కు కాగితంలో లేదు, సగటులో ఉంది. జిల్లాకు 30 ఊళ్ళు, ఊరికి 20 ఇళ్ళు, లెక్క జిల్లాకే. 2022లో అల్లూరి జిల్లా విడిపోయేదాకా మన్యంలోని అడ్డతీగల ఉన్నది తూర్పుగోదావరిలో. అంటే కోనసీమ కొబ్బరితోటల పిల్లలూ మన్యం గూడేల పిల్లలూ ఒకే శాతంలో కలిసిపోయారు.

భాష ఇంకో ముడి. కొండరెడ్ల ఇంటిమాట తెలుగే, కానీ వాచకం తెలుగు కాదు. మన్యంలోనే చింతూరు వైపు కోయ పిల్లలకైతే ఇంట్లో ఆ తెలుగూ లేదు. 2000ల మధ్యలో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రభుత్వం వాచకాలు తెచ్చింది మరి. తెలుగు కాగితం ముందు నోరు మెదపని కోయపిల్ల చదవలేనట్టా, తెలుగు రానట్టా?

ఆ తర్వాత వచ్చింది వేగం. నిమిషానికి ఎన్ని పదాలు? 2022లో మూడో తరగతి పిల్లలపై కేంద్రం జరిపిన అధ్యయనం 20 భాషలకు వేర్వేరు కొలతలు పెట్టుకోవడం మంచి పనే. ‘వెళ్ళిపోతున్నాడు’ మనకొక్క పదం. ఇంగ్లీషు పిల్లాడు అదే మాటకు మూడు చదివేస్తాడు. పైగా గుణింతాలు, వత్తులు. కన్నడ పిల్లలపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలో అక్షరాల పట్టు నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంది. మన లిపి దాని తోబుట్టువే.

అందుకే పిల్లాడు ‘పదాల మెట్టు’ మీదున్నాడంటే గూడెంలో అన్ని తరగతులూ ఒక్కడే చూసుకునే మాస్టారికి సగం సంగతే తెలిసినట్టు. ‘అమ్మ’ దగ్గర ఆగలేదు, ‘పుస్తకం’ దగ్గర ఆగాడు. ‘స్త’ దగ్గరా, పక్కనున్న ‘పు’ దగ్గరా? రేపటి పాఠం ఆ జవాబు మీద ఆధారపడి ఉంటుంది. అది పక్కన కూర్చుని విన్నవాడికే దొరుకుతుంది.