పెరటి కూర, అతుకుల చొక్కా

పాత చీర బొంతగా మారుట, ఆ బొంత చిరిగిన పిమ్మట పొయ్యిమీది గిన్నె దింపు మసిగుడ్డగా మారుట మన ఇండ్లలో క్రొత్త విద్య కాదు. అయితే ఈ విద్యనే ఒక ప్రభుత్వము రాజ్యకార్యముగ స్వీకరించి, మంత్రులను, తోటమాలులను, హాస్యనటీమణులను రేడియో ముందు కూర్చుండబెట్టి దేశమంతటికిని నేర్పిన ఘట్టమొకటి చరిత్రలో కలదు. అది రెండవ ప్రపంచయుద్ధకాలపు ఇంగ్లండు కథ. ఆనాటి పొదుపు పుస్తకములను మరల అచ్చువేసి చదువుకొనువారు, ఆనాటి మోస్తరు దుస్తులు కుట్టుకొని వేడుక చేసికొనువారు ఆ దేశమున నేటికిని కలరు. లేమితో గడచిన కాలము వేడుకగా ఎట్లు మారినది? ఆ పొదుపులో నిజముగ సంతోషముండెనా, లేక దూరపు కొండలు నునుపు అన్నట్లు తోచుచున్నదా? ఈ ప్రశ్నను శ్రోతలతో కలసి పరిశీలింతము.

ఇంగ్లండు సముద్రము నడుమ నున్న దేశము. యుద్ధమునకు పూర్వము ఆ ప్రజలు తిను ఆహారములో సగమునకు పైగా ఓడలమీదనే వచ్చుచుండెను. గోధుమ కెనడానుండి, వెన్న న్యూజిలాండునుండి, తేయాకు మన దేశమునుండియు సింహళమునుండియు పోవుచుండెను. 1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటను యుద్ధము ప్రకటించినది. జర్మనీ జలాంతర్గాములు సరకుల ఓడలను ముంచసాగినవి. ఓడలో గోధుమకు చోటిచ్చినచో తుపాకికి చోటు తగ్గును. అందుచేత ఇంట పండించిన ప్రతి దుంపయు, పారవేయక కుట్టుకొన్న ప్రతి చొక్కాయు ఓడలో అంత చోటు మిగిల్చినట్లే అయ్యెను. ఆనాటి పొదుపునకు మూలమైన లెక్క ఇంతే.

1940 జనవరి 8వ తేదీన పంచదార, వెన్న, ఉప్పులో ఊరవేసిన పందిమాంసము రేషనులోనికి వచ్చినవి. మార్చిలో తక్కిన మాంసము, జూలైలో తేయాకు చేరినవి. మనిషికి వారమునకు దొరకు తేయాకు రెండు ఔన్సులు, మన పాత తూకమున రమారమి ఐదు తులములు. 1941 మొదలు కోడిగ్రుడ్డు వారమునకొకటి, అదియును అంగడికి వచ్చినప్పుడే. బంగాళాదుంపలకును కూరగాయలకును మాత్రము రేషను లేదు. యుద్ధము ముగియువరకు రొట్టెకును లేదు. కనుక కడుపు నిండవలెనన్న కూర పెంచుకొనవలెను. రుచి పుట్టవలెనన్న తెలివి వాడవలెను.

1939 అక్టోబరులోనే వ్యవసాయమంత్రి రేడియోలో మాటలాడి, పట్టణవాసులు మరి ఐదు లక్షల మడులను సాగులోనికి తేవలెనని కోరెను. మడి యనగా గృహస్థునకు స్వల్పమైన కౌలునకు దొరకు చిన్న నేలచెక్క. దాని వాడుక కొలత సుమారు మూడువందల చదరపు గజములు, అనగా మన లెక్కలో ఆరు సెంట్లకు కొంచెము పైన. ‘విజయమునకై త్రవ్వుడు’ అను పిలుపు గోడలమీదికెక్కినది. యుద్ధము నడిమికి ఇట్టి మడులు సుమారు 14 లక్షలైనవి. లండను కోట కందకములో కూరగాయలు మొలచినవి. హైడు పార్కులో పందుల దొడ్డి వెలసినది. గులాబీలున్న చోట ఉల్లి, పచ్చికయున్న చోట కాబేజీ వచ్చినవి. పెరటిచెట్టు మందుకు పనికిరాదని మన సామెత. ఆ దేశమున ఆ యేండ్లలో పెరటిచెట్టే పథ్యమును మందును అయినది.

అయితే గుమాస్తాకు, బడిపంతులుకు పార పట్టుట ఎవరు నేర్పవలెను? ఇచ్చట రేడియో తన పాత్రను నిర్వహించినది. మిడిల్టను అనునాయన తోటమాలి కుమారుడు. తానును తోటపని నేర్చినవాడు. 1931 నుండియే బ్రిటిషు రేడియోలో తోటలను గురించి మాటలాడుచుండెను. ఆదివారము మధ్యాహ్నము భోజనమైన పిమ్మట ఆయన గొంతు వినుట లక్షలాది కుటుంబములకు అలవాటు. ఆయన ఉపన్యసించుట లేదు. కంచె కవతల నిలిచి పొరుగువానితో ముచ్చటించునట్లు మాటలాడెను. యుద్ధము రాగానే పూలనుండి కూరగాయలకు మరలెను. ఏ మాసమున ఏ విత్తు నాటవలెను, చీడ తగిలినచో ఏమి చేయవలెను, వంటింటి తొక్కలను ఎరువుగా ఎట్లు మురుగబెట్టవలెను అను సంగతులే ఆయన ప్రసంగములు. యుద్ధము ముగిసిన కొలది దినములకే, 1945 సెప్టెంబరులో ఆయన మరణించెను.

వంటింటికి వేరొక కార్యక్రమము ఏర్పడినది. 1940 జూనులో మొదలైన దాని పేరును మన భాషలో ‘వంటింటి సమరరంగము’ అనవచ్చును. ఎనిమిది గంటల వార్తలు ముగియగానే, ఎనిమిదింబావుకు ఐదు నిమిషముల ప్రసంగము. ఆ వేళ ఏల? గృహిణి సంచి పట్టుకొని అంగడికి బయలుదేరుటకు ముందు వినవలెనని. మైక్రోఫోను ముందు కూర్చుండు వృత్తిలోనివారము గనుక, ఈ వేళను ఎంచుకొన్న వివేకమునకు మేము మనసార నమస్కరింతుము. గెర్టు, డైసీ అను ఇద్దరు అమాయకపు స్త్రీల వేషమున అక్కచెల్లెండ్రైన నటీమణులు నవ్వించుచునే వంట నేర్పిరి. ‘రేడియో డాక్టరు’ అను పేర ఒక వైద్యుడు అజీర్ణమును గురించి నిస్సంకోచముగ మాటలాడెను. పంచదార తక్కువైన చోట గాజరగడ్డ తీపిని వాడుట, గోధుమపిండి తక్కువైన చోట ఉడికిన దుంపను కలిపి పిసుకుట, కూరలు ఉడికిన నీటిని పారబోయక చారు పెట్టుట వంటి ఉపాయములు ఇంటింటికిని చేరినవి. ఆహారమంత్రి ఉల్టను ప్రభువు పూర్వము పెద్ద దుకాణముల నిర్వాహకుడు. సరకును పంచుటయు, కొనువారి మనస్సును ఎరుగుటయు ఆయనకు తెలిసిన పని. లండనులోని సవాయ్ హోటలు వంటలమేస్త్రి కల్పించిన దుంపలు, గాజరగడ్డలు, పువ్వుగోబీల వంటకము ఆ మంత్రి పేరనే ప్రసిద్ధమైనది. దానిని చూచి ముఖము చిట్లించినవారును కలరు, తినినవారును కలరు.

పిమ్మట వస్త్రముల వంతు వచ్చినది. 1941 జూను 1వ తేదీ, పండుగ ఆదివారమున, వాణిజ్యమంత్రి రేడియోలో ఈ వార్త చెప్పెను. ముందుగా పొక్కినచో దుకాణములు ఖాళీయగునని అంత గోప్యముగ నుంచిరి. మొదటి సంవత్సరమున మనిషికి 66 కూపనులు. మగవాని సూటునకు 26, ఉన్ని గౌనునకు 11, నూలు గౌనునకు 7. ఒక సూటు కుట్టించుకొన్నచో తక్కిన ఏడాదికి మిగులునవి నలుబదే. పిమ్మటి సంవత్సరములలో ఈ లెక్క మరింత తగ్గినది. దర్జీలకును నిబంధనలు వచ్చినవి: లాగు అంచున మడత కూడదు, జేబులు, బొత్తాములు ఇన్నింటికి మించకూడదు. 1943లో ‘ఉన్నదానితో సరిపెట్టుకొని బాగుచేసికొనుడు’ అను అర్థముగల పేరుతో ప్రభుత్వము ఒక చిన్నపుస్తకమును ప్రకటించినది. నడుమ నలిగిన దుప్పటిని నిలువున చింపి, అంచులను మధ్యకు తెచ్చి కుట్టుట. అరగిన కాలరును త్రిప్పి వేయుట. పాత ఉన్ని చొక్కా అల్లికను విప్పి, నూలు కడిగి, పిల్లవానికి క్రొత్తగా అల్లుట వంటివి ఆనాడు ఊరూర జరిగిన కుట్టుతరగతులలోని పాఠములు. మగవాడు యుద్ధమునకు పోగా పెట్టెలో నిలిచిన సూటు ఇల్లాలికి కోటు అయినది.

ఈ పనులలో సంతోషమెచ్చట నుండెను? మా ఊహకు మూడు కారణములు తోచుచున్నవి. మొదటిది, చేతిపనిలో సహజముగ నుండు తృప్తి. తాను నాటిన చిక్కుడు తాను వండుకొన్నవానికి అంగడి చిక్కుడు ఆ రుచి నీయదు. రెండవది, విద్య ఒకరి సొత్తుగా నుండక గొంతునుండి గొంతునకు పాకుట. రేడియోలో విన్న ఉపాయము మధ్యాహ్నమునకు పొరుగింటి గోడ దాటుచుండెను. మూడవది అన్నిటికన్న ముఖ్యము: భారము అందరి భుజములమీదను పడుట. ధనికుడు హోటలులో భుజించుట వంటి సందులు లేకపోలేదు గాని, రేషను పుస్తకములోని తేయాకు ప్రభువునకును, ఓడరేవు కూలికిని ఐదు తులములే. యుద్ధమైన పిమ్మట, 1947 నవంబరు 20వ తేదీన వివాహమాడిన రాజకుమారి ఎలిజబెత్తుకును పెండ్లి దుస్తులకు కూపనులు కావలసియే వచ్చినవి. పలువురు స్త్రీలు ముచ్చటపడి తమ కూపనులు పంపగా, ఒకరివి ఒకరు వాడుట చట్టవిరుద్ధమని వానిని త్రిప్పి పంపిరి. తల్లులకును శిశువులకును పాలు, పసివారికి నారింజరసము, చేపనూనె ప్రత్యేకముగ నిచ్చిరి. యుద్ధాంతమున శిశుమరణములు యుద్ధపూర్వముకంటె తక్కువగ నుండుటకు ఈ పంపకమును ఒక కారణముగ చరిత్రకారులు చెప్పుదురు.

ఇంతమాత్రమున ఆ కాలము స్వర్ణయుగము కాదు. పగలు కర్మాగారములో పనిచేసి, అంగళ్ల ముందు వరుసలలో నిలిచి, రాత్రి బాంబులు పడు వేళ మేజోళ్లు కుట్టుకొనిన స్త్రీల అలసట వేడుకల చిత్రములలో కనబడదు. చాటుమాటు బజారు లేకపోలేదు. యుద్ధము ముగిసినను రేషను ముగియలేదు. యుద్ధమున లేని రొట్టె రేషను 1946 నుండి 1948 వరకు నడచినది. వస్త్రముల కూపనులు 1949 మార్చి 15వ తేదీన పోయినవి. 1953 ఫిబ్రవరిలో మిఠాయిలపై ఆంక్ష తొలగగానే పిల్లలు దుకాణములకు పరుగులెత్తిరి. చివరగా మాంసము 1954 జూలై 4వ తేదీన విడుదలైనది. ఆనాడు రేషను పుస్తకము పోయినదని కంటతడి పెట్టినవారు లేరు.

ఆ యుద్ధము తెలుగువారికి ఎవరి గోలయో కాదు. 1938 జూను 16వ తేదీన ప్రారంభమైన మదరాసు రేడియో కేంద్రమునుండి యుద్ధవార్తలు మన ఇండ్లకును చేరినవి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైనది. బర్మా బియ్యము రాక నిలిచినది. ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. ఆ సంవత్సరముననే వంగదేశపు తీరమున శత్రువునకు చిక్కకూడదని ప్రభుత్వము పడవలను స్వాధీనము చేసికొన్నది. అక్టోబరులో తుపాను మిదునపురము పంటను నాశనము చేసినది. బియ్యపు ధర ఆకాశమునకెగసినది. 1943లో వంగదేశ క్షామము సంభవించినది. 1945లో విచారణసంఘము మృతుల సంఖ్యను 15 లక్షలుగ అంచనా వేసినది. పిమ్మటి పరిశోధకులు పలువురు 30 లక్షల వరకు చెప్పుదురు. కలకత్తా నగరమున సక్రమమైన రేషను 1944 జనవరి నెలాఖరునగాని మొదలు కాలేదు. ఒకే యుద్ధము, ఒకే ప్రభుత్వపు పాలన. లండను గృహిణికి వారమునకు ఎన్ని తులముల తేయాకో చట్టము నిర్ణయించినది; వంగదేశపు పల్లె కూలికి ఎన్ని గింజలో నిర్ణయించినవారు లేరు.

ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని పొదుపును గురించిన మాట పూర్తి కాదు. పొదుపు వేరు, లేమి వేరు. చేతిలో నున్నదానిని తెలివితో వాడుకొనుట పొదుపు. చేతిలో ఏమియు లేకుండుట లేమి. గాజరగడ్డతో తీపివంట చేయు ఉపాయము గాజరగడ్డ గలవారికే ఉపయోగించును. ఆకలిగొన్నవానికి పొదుపు బోధించుట పరిహాసము. ఆ దేశపు గృహిణులకు అతుకుల చొక్కా సిగ్గు కలిగింపకపోవుటకు కారణము కుట్టులోని నేర్పు మాత్రమే కాదు. ప్రక్కయింటివాని చొక్కాకును అట్టి అతుకే యుండుట.

కనుక పెరటిలో నాలుగు వంగమొక్కలు నాటుకొనువారిని, పాతబట్టతో సంచి కుట్టుకొనువారిని మేము మెచ్చుకొందుము. అందు ఖర్చు తగ్గుటయు కలదు, చేతికి పనియు, మనస్సునకు విశ్రాంతియు కలవు. కాని ఆనాటి వారి విద్యను నేర్చుకొనువారు దానితోపాటు వారి పంపకమును కూడ గుర్తుంచుకొనుట న్యాయము. కాచిన వంకాయలు నాలుగైనచో రెండు గోడ దాటి పొరుగింటికి పోవలెను. కుట్టుట వచ్చినవారు రానివారికి నేర్పవలెను. అట్లయినప్పుడు పొదుపు పిసినిగొట్టుతనము కాక, సంసారమునకును ఊరికిని అలంకారమగును.