వాషింగ్టన్ రోబ్లింగ్ జబ్బు

వాషింగ్టన్ రోబ్లింగ్ (1837–1926) న్యూయార్కులోని బ్రూక్లిన్ వంతెన చీఫ్ ఇంజనీరు. 1872లో మంచం పట్టినప్పటి నుంచి 1883లో వంతెన తెరిచేదాకా ఆయన పనిస్థలానికి దూరంగానే ఉండిపోయాడు. ఆ జబ్బు ఏమిటన్నదానిపై చరిత్రకారులది ఒకే మాట కాదు.

ఈ పని ఆయన మీద హఠాత్తుగా పడింది. వంతెన రూపకర్త అయిన తండ్రి జాన్ రోబ్లింగ్ రేవులో పాదం నలిగి, ధనుర్వాతంతో 1869 జూలై 22న చనిపోయాడు. గాయపడిన రోజు జూన్ 28 అన్నదే ఎక్కువగా కనిపిస్తుంది. అప్పటికి కొడుకు వయసు 32.

పునాదులకు కైసాన్లు వాడారు. అడుగు లేని భారీ కలప పెట్టెను నదిలో బోర్లించి, నీరు చొరబడకుండా లోపలికి గాలిని పంపుతుంటే, కూలీలు అందులో దిగి మట్టి తవ్వేవారు. లోతు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడీ పెంచాలి. ఆ ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్, మనిషి తొందరగా బయటికొస్తే బుడగలై కీళ్లనూ నరాలనూ దెబ్బతీస్తుంది. ఇదే కైసాన్ జబ్బు. ఈ సంగతిని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో వెల్లడించేసరికి ఇక్కడి తవ్వకం ముగిసి ఆరేళ్లయింది.

బ్రూక్లిన్ వైపు కైసాన్ 44 అడుగుల దాకా దిగింది. న్యూయార్కు వైపుది 78 అడుగులు దాటింది. అసలు కష్టం అక్కడే. వైద్యుడు ఆండ్రూ స్మిత్ ఈ జబ్బు కేసులు 110 నమోదు చేశాడు. నెమ్మదిగా బయటికి రమ్మని ఆయన చెప్పినా, ఇంటికి పోయే ఆత్రంలో కూలీలు ఆ కాస్త సమయమూ ఆగేవారు కాదు. ఆయన సూచించిన వ్యవధి కూడా నేటి లెక్కల్లో చాలా తక్కువ. ఈ జబ్బుతో చనిపోయినవారు ముగ్గురని అధికారిక లెక్క. ఇతర ప్రమాదాలు కలిపితే సుమారు 20 నుంచి 30 దాకా చెబుతారు. కూలీల పేర్లనే సరిగా రాసిపెట్టని కాలంలో ఏ అంకెనూ తుది లెక్క అనలేం.

1870 డిసెంబరులో బ్రూక్లిన్ కైసాన్ కప్పు దూలాలకు నిప్పంటుకుంది. రోబ్లింగ్ రాత్రంతా లోపలే ఉండి, చివరికి కదల్లేని స్థితిలో బయటపడ్డాడు. 1872 మేలో రెండో కైసాన్ను రాతిదాకా తవ్వకుండా ఇసుక మీదే ఆపాలన్న నిర్ణయమూ ఆయనదే. ఇంకా లోతుకు పోతే మరెందరు చనిపోతారోనన్న భయం ఆ నిర్ణయంలో ఉంది. ఆ వేసవిలోనే ఆయన కుప్పకూలాడు.

కైసాన్ జబ్బే కారణమని చాలా పుస్తకాలు అంటాయి. అయితే ఆ తర్వాత ఏళ్ల తరబడి కంటిచూపు మందగించడం, నలుగురితో మాట్లాడటాన్ని భరించలేకపోవడం, తీరని నీరసం గాలి బుడగల వల్లే వచ్చాయనడం కష్టం. విరామం లేని పని, బాధ్యతల భారం కూడా కలిశాయన్న వాదనే ఎక్కువ సబబుగా తోస్తుంది. తర్వాత కోలుకుని, 84వ ఏట కుటుంబ కంపెనీ పగ్గాలు పట్టి 89 ఏళ్లు బతికిన మనిషి ఆయన.

ఆయన ఆదేశాలను పనిస్థలానికి చేరవేసింది భార్య ఎమిలీ. గణితం, లోహాల బలం, తీగల వంపు నేర్చుకుని, సహాయక ఇంజనీర్లతో రోజూ మాట్లాడింది. 1882లో రోబ్లింగ్‌ను తప్పించాలని బ్రూక్లిన్ మేయర్ సెత్ లో పట్టుబట్టినా, ట్రస్టీలు 10–7 ఓట్లతో ఆయన్నే కొనసాగించారు.

కూలీలకు మేలు ఆలస్యంగా అందింది. 1890 ప్రాంతంలో హడ్సన్ సొరంగం దగ్గర ఎర్నెస్ట్ మోయిర్ అనే ఇంజనీరు, జబ్బుపడ్డవారిని తిరిగి ఒత్తిడిగాలిలో ఉంచి మెల్లగా బయటికి తెచ్చే గదిని పెట్టాడు. అక్కడ మరణాలు బాగా తగ్గాయి.