పెరటి చెట్లు - చలికాలపు సంరక్షణ

కార్తీకం గడిచిన తరువాత సరిహద్దు పల్లెలన్నిటా చలి ఒక్క తీరున ఉండదు. ఇచ్ఛాపురం, యానాం వంటి చోట్ల సముద్రపు సామీప్యం చలిని మితంగా ఉంచుతుంది. అక్కడి పెరళ్లకు ఈ జాగ్రత్తలు దాదాపు అక్కరలేదు. ఆదిలాబాదు, ఆసిఫాబాదు ప్రాంతాలు, వాటిని ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని కిన్వట్, రాజురా తాలూకాలు, ఒడిశాలో సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ పరిసరాల సంగతి వేరు. డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ లోపునకు దిగడం అక్కడ కొత్త కాదు.

తెలుగులో 'మంచు' అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. మరాఠీవారు ఆకుపై పడే బిందువులను 'దవ' అనీ, కమ్ముకొనే పొగమంచును 'ధుకే' అనీ వేరుచేస్తారు. ఒడియాలో అవే 'కాకర', 'కుహుడి'. చెట్ల విషయంలో ఈ భేదం తెలియడం అవసరం. పొగమంచు కమ్మిన రాత్రి చెట్టుకు చలి వలన భయం తక్కువ. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించి, నక్షత్రాలు స్పష్టంగా మెరిసే రాత్రే ప్రమాదకరమైనది. పగలు నేల గ్రహించిన వేడిని అడ్డగించడానికి మబ్బు లేనందున అది పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. అందువలన ఒకే ఊరిలో మెరక మీది పెరడు క్షేమంగా ఉండి, వాగు ఒడ్డున ఉన్న పెరడు మాడిపోవడం జరుగుతుంది.

అన్ని చెట్లకూ ఒకే రక్షణ అక్కరలేదు. బాగా ఎదిగిన మామిడికి చలి మేలే చేస్తుంది. పూత రావడానికి అది తోడ్పడుతుంది. దానికి కప్పు అనవసరం, పూతకు ముందు నీరు కూడా పెట్టరాదు. పూత మీద తెల్లని బూడిద తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి చల్లాలి. కరివేపాకు 16 డిగ్రీల లోపున చిగురు వేయడం మానుతుంది. ఆకు రాల్చినంత మాత్రాన చచ్చిందని పెకలించరాదు. అరటి ఎదుగుదల మందగిస్తుంది, చలి ముదిరిన రోజులలో గెల బయటికి రాలేక మొవ్వులోనే ఇరుక్కుంటుంది. బొప్పాయి మరీ సుకుమారమైనది. అసలు జాగ్రత్త కావలసినది బొప్పాయికీ, నాటి రెండేళ్లు దాటని మామిడి, నిమ్మ, కొబ్బరి మొక్కలకూ.

లేతమొక్కకు మూడు వైపుల జొన్నచొప్పతోగాని వరిగడ్డితోగాని తడిక కట్టి, పైన కప్పు వేసి, ఆగ్నేయ దిక్కును తెరచి ఉంచాలి. ఉదయపు ఎండ ఆ వైపు నుండి లోపలికి వస్తుంది. తడిక కట్టే వీలు లేనివారు సాయంత్రం గోనెపట్టాగాని పాతచీరగాని నాలుగు కర్రల మీద కప్పి, అంచులు నేలను తాకేటట్లు వదలాలి. నేలనుండి వచ్చే వేడిని నిలపడమే కప్పు పని. చెట్టు తలకు మాత్రమే గుడ్డ చుట్టి కాండానికి కట్టివేస్తే ఆ వేడి లోపలికి చేరదు. ప్లాస్టిక్ పట్టా ఆకులకు తగిలిన చోట చలి ఇంకా ఎక్కువగా తగులుతుంది. కప్పు దేనితో వేసినా పొద్దెక్కగానే తీయాలి.

ఎండిన నేలకంటె తడి నేల పగటి వేడిని ఎక్కువగా దాచుకొంటుంది. కాబట్టి చలి ముదిరే సూచన కనబడిన రోజు మధ్యాహ్నమే లేతమొక్కల పాదులకు నీరు పెట్టాలి. పాదులో పరచిన ఎండుటాకు వేర్లను కాపాడుతుంది గాని, నేల వేడిని పైకి రానీయదు. చిన్న మొక్క అయితే అటువంటి రోజు పగలు ఆకును పక్కకు జరిపి, నేలకు ఎండ తగలనిచ్చి, రాత్రి కప్పు వేయడం మంచిది. ఆకు మోడును తాకి ఉంటే చెద చేరుతుంది. జానెడు ఎడం ఉంచాలి.

పెరట్లో పొగ వేస్తే చలి పోతుందని చాలామంది నమ్మకం. పొగ వలన ప్రయోజనం స్వల్పం, మంట వేడి వలన కొంత ఉంది. అయితే చొప్ప తడికల నడుమ, గడ్డి ఇళ్ల దగ్గర ఆ కొద్ది ప్రయోజనం కోసం నిప్పు పెట్టడం వివేకం కాదు.

రాత్రి చలికి బిగిసిన బెరడు మీద ఉదయం ఎండ హఠాత్తుగా పడితే పగుళ్లు వస్తాయి. మోడుకు రెండు మూడు అడుగుల ఎత్తు వరకు సున్నం పూస్తే ఎండ వేడి తగ్గుతుంది. పగుళ్లు ఇదివరకే ఉంటే 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం వేరువేరుగా అర లీటరు నీటిలో కలిపి, రెండూ ఒకటిగా చేసి పూయాలి. మట్టిపాత్రగాని ప్లాస్టిక్ బకెట్టుగాని వాడాలి. ఇనుప పాత్ర పనికిరాదు. దసరా దాటిన తరువాత లేతమొక్కలకు యూరియా వేయరాదు. దానికి వచ్చే లేత చిగురే మొదట మాడుతుంది.

ఇన్ని చేసినా ఒక్కొక్కప్పుడు ఆకు నల్లబడుతుంది. వెంటనే కత్తి పట్టరాదు. మాడిన ఆకులే కింది కొమ్మలకు కప్పుగా ఉంటాయి. ఎంతవరకు ఎండిందో శివరాత్రి దాటితేగాని తేలదు. అప్పుడు గోటితో బెరడు గీరి, పచ్చదనం కనిపించిన చోటికి పైన కోయాలి.

అంటుమామిడి విషయంలో మరొక సంగతి గమనించాలి. పైకొమ్మ చలికి చచ్చి, అంటు కట్టిన చోటికి కింది నుండి చిగురు వస్తే, అది కొనితెచ్చిన బంగినపల్లో మరొకటో కాదు, కింది నాటు టెంకమొక్క. చెట్టు బ్రతికిందని సంతోషించి అయిదారేళ్లు నీరు పోసిన ఇంటికి చివరకు వేరే కాయ వస్తుంది. అంటు ముడి పైన పచ్చదనం ఉంటే కింది చిగుళ్లు గిల్లివేయాలి. పైన ఏమీ మిగలకపోతే ఆ మొక్కకే మళ్లీ అంటు కట్టించవచ్చు, లేదా తొలకరికి కొత్తది నాటుకోవచ్చు.