హెగ్రా శిలాసమాధులు

నేటి సౌదీ అరేబియా వాయవ్యమున హెగ్రా యను ప్రాచీననగరము కలదు. నబతీయులు అచ్చటి యిసుకరాతి కొండలను తొలిచి సమాధులు చేసిరి. వానిలో 94 అలంకారయుతములు. శిరమునందలి సోపానశ్రేణి అస్సీరియానుండియు, ఒంపుచూరు ఈజిప్టునుండియు, ద్వారముపై త్రికోణము యవనులనుండియు వచ్చినవి. కస్రల్‌ఫరీదను ఒంటిశిలాసమాధి అడుగుభాగము నేటికిని మోటుగనే యున్నది. శిల్పులు పైనుండి క్రిందికి చెక్కుచువచ్చిరనుటకు అదియే సాక్ష్యము.

అయినను మేము శిల్పముకంటె శాసనములనే మిన్నగా నెంతుము. క్రీ.పూ. 1వ సంవత్సరప్రాంతమున కంకం అను స్త్రీ, కుమార్తె కులైబతుతో గూడి, తమకును తమ సంతతికిని సమాధిని చెక్కించెను. దాని నమ్మినవారికి, తాకట్టుపెట్టినవారికి దేవతల శాపమును, వేయి నాణెముల యపరాధమును శాసనమున విధింపబడినవి. స్త్రీకి ఆస్తి యెందులకని నేటికిని ప్రశ్నించువారు ఆ గుమ్మముకడ నొక్కసారి నిలిచి చదువుదురుగాక!