దారిలో దిగవలసిన ఊరు – నాందేడ్



సికింద్రాబాదు నుంచి మన్మాడ్ వైపు వెళ్ళే రైలు నిజామాబాదు దాటి బాసర దగ్గర గోదావరి వంతెన మీదికి రాగానే, కిటికీ పక్కన కూర్చున్నవారు నదికి దండం పెట్టుకుంటారు. మరి కాసేపటికి ధర్మాబాద్ వస్తుంది. మిరపకాయల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. మహారాష్ట్రలో అడుగుపెట్టినా చెవిన పడే మాటల్లో తెలుగు తగ్గదు. అక్కడి నుంచి ఉమ్రి, ముద్ఖేడ్ మీదుగా సుమారు 70 కిలోమీటర్లు పోతే నాందేడ్.

బొంబాయి, భివండీ మగ్గాలకు వెళ్ళిన మన నేతపనివారు, గల్ఫు విమానం ఎక్కడానికి బయలుదేరిన మన యువకులు, షిరిడీ యాత్రికులు – వీరిలో ఎందరో ఈ దారినే పోయారు. నాందేడ్ స్టేషనులో చాయ్ తాగి ఉంటారు. ఊళ్ళోకి వెళ్ళినవారు మాత్రం కొద్దిమందే. ధర్మాబాద్ శ్రోతలకు నాందేడ్ జిల్లా కేంద్రం. కచేరీ పని చూసుకుని సాయంత్రం బండికి తిరిగిరావడమే గాని, ఊరు చూసే తీరిక వారికీ దొరకదు. అందుకే ఈసారి ఆ దారిన వెళ్ళినప్పుడు ఒక పూట నాందేడ్‌లో ఆగండని చెప్పడానికే ఈ ప్రసంగం. ఎందుకంటే అది పరాయి ఊరు కాదు. మన చరిత్రలో కొంత భాగం అక్కడ ఉంది.

ముందుగా మనకు దగ్గరి సంగతి. 1956 నవంబరు 1 వరకు నాందేడ్ హైదరాబాదు రాష్ట్రంలో ఒక జిల్లా. ఈనాడు తెలంగాణలో ఉన్న ముధోల్, భైంసా, కుభీర్, బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు ఆ జిల్లాలోవే. అంటే మన తాతల కాలంలో భైంసా రైతుకైనా, జుక్కల్ రైతుకైనా జిల్లా కచేరీ నాందేడే. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళను, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ తాలూకాను, ఇస్లాపూర్ సర్కిల్‌ను అటు పంపింది. ధర్మాబాద్ అటే ఉండిపోయి, నాందేడ్ జిల్లాతో పాటు బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వెళ్ళింది. 2018లో ధర్మాబాద్ తాలూకాలోని పలు గ్రామాలవారు తమను తెలంగాణలో కలపాలని కోరారంటే, ఆ గీత ఇంకా మనసుల్లో మెదులుతూనే ఉందని అర్థం.

మీరు ఎక్కిన రైలు మార్గం ఈ సరిహద్దు కంటే చాలా పాతది. నిజాం రాజ్యంలో హైదరాబాదు–గోదావరి లోయ రైల్వే పేరుతో, మీటరు గేజిలో, హైదరాబాదు నుంచి మన్మాడ్ దాకా 1900 ప్రాంతంలో వేసిన దారి అది. ఆనాడు ధర్మాబాద్ దగ్గర దాటవలసిన సరిహద్దే లేదు.

ఇక నాందేడ్‌లో దిగుదాం. స్టేషను పేరే హుజూర్ సాహిబ్ నాందేడ్. ఆ పేరు వెనుక కథ 1708 నాటిది. ఔరంగజేబు మరణించిన తరువాత అతని కుమారుడు బహదూర్ షా ఢిల్లీ సింహాసనం ఎక్కాడు. తమ్ముడు కాంబక్ష్ హైదరాబాదులో స్వతంత్రం ప్రకటించుకున్నాడు. తమ్ముణ్ణి అణచడానికి చక్రవర్తి సేనతో దక్షిణాదికి కదిలాడు. ఆ ప్రయాణంలోనే సిక్కుల పదవ గురువు గోవింద్ సింగ్ కూడా నాందేడ్ చేరారు. చక్రవర్తి హైదరాబాదు దారి పట్టాడు. గురువు గోదావరి ఒడ్డున ఉండిపోయారు. అక్కడే మాధోదాస్ అనే బైరాగి ఆయనకు శిష్యుడై, బందాసింగ్ బహదూర్‌గా పంజాబుకు వెళ్ళి మొగలాయిలను ఎదిరించాడు. అక్కడే గురువుపై హత్యాప్రయత్నం జరిగింది. 1708 అక్టోబరు 7న ఆయన కన్నుమూశారు. తన తరువాత మనుషులెవరూ గురువు కారనీ, గ్రంథ సాహిబే గురువనీ ఆయన నిర్ణయించింది ఈ ఊళ్ళోనే. కాంబక్ష్ 1709 జనవరిలో హైదరాబాదు దగ్గర ఓడి, గాయాలతో మరణించాడు. హైదరాబాదు కోసం అన్నదమ్ములు చేసిన పోరు, ఒక మతం చరిత్రలోని పెద్ద మలుపు ఒకే బాటలో కలిశాయన్నమాట.

ఇప్పుడున్న గురుద్వారాను పంజాబు మహారాజు రంజిత్ సింగ్ 1832–1837 మధ్య కట్టించారు. సిక్కుల అయిదు తఖ్తులలో ఇది ఒకటి. అదే కాలంలో, చందూలాల్ దివానుగా ఉండగా, పంజాబు నుంచి సిక్కు సైనికులు నిజాం కొలువుకు వచ్చారు. హైదరాబాదులోనూ నాందేడ్‌లోనూ తరతరాలుగా ఉంటున్న దక్కనీ సిక్కుల మూలాలు అక్కడున్నాయి. ఇంకొక మాట గమనించండి. ఈ గురుద్వారా నిర్వహణకు బోర్డును ఏర్పరచిన చట్టం బొంబాయిలో పుట్టలేదు. 1956లో, తాను రద్దు కావడానికి ముందు, హైదరాబాదు రాష్ట్ర శాసనసభ చేసిన చట్టమది.

లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు వదిలి, తలకు రుమాలు కట్టుకోండి. లంగరులో ఎవరైనా సరే బంతిలో కూర్చుని తినవచ్చు. డబ్బు అడగరు, కులం అడగరు.

భోజనమయ్యాక గోదావరి ఒడ్డుకు వెళ్ళండి. ఈ నదీతీరపు ఊరు ఎంత పాతదంటే, నాలుగవ శతాబ్దికి చెందిన వాకాటక రాజు రెండవ వింధ్యశక్తి తామ్రశాసనంలో 'నాందీకట' అనే పేరు కనిపిస్తుంది. అది నాందేడేనని పండితులు గుర్తించారు. నది మీదికి చూస్తూ నిలబడిన పాత కోటను కూడా చూడండి. ఘాట్ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఒక్కమాట తలచుకోండి. మీ ముందు కదిలే ఆ నీరే ధర్మాబాద్ వైపు సాగి, బాబ్లీ దాటి, కందకుర్తిలో మంజీరను కలుపుకుని, బాసర అమ్మవారి పాదాల చెంత నుంచి శ్రీరాంసాగర్‌లో చేరుతుంది. ఆ నీటి కోసమే రెండు రాష్ట్రాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. బాబ్లీ గేట్లు ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరచి ఉంచాలన్నది 2013 ఫిబ్రవరి తీర్పులోని మాట. తగవు పడ్డా ఎగువవారికీ దిగువవారికీ నది ఒక్కటే.

స్వామి రామానందతీర్థ పేరిట ఇక్కడ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాదు రాష్ట్ర కాంగ్రెస్‌ను నడిపి, నిజాం పాలనపై పోరాడి జైలుకెళ్ళిన నాయకుడాయన. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలవారు ఆయన వెంట ఒకే జెండా కింద నడిచారు. ఆ విశ్వవిద్యాలయాన్ని 1994లో సెప్టెంబరు 17ననే స్థాపించారు. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది ఆ తేదీనే.

చివరగా టికెట్టు సంగతి. ధర్మాబాద్, నిజామాబాదుల నుంచి వెళ్ళేవారు నాందేడ్ వరకు ఒక టికెట్టు, అక్కడి నుంచి మరొకటి తీసుకోవాలి. ముంబయి నుంచి తిరిగివచ్చేవారికి ఒక వెసులుబాటు ఉంది. 500 కిలోమీటర్లకు మించిన దూరపు టికెట్టు ఉంటే, మొదటి 500 కిలోమీటర్లు దాటిన తరువాత దారిలో ఒకచోట దిగి రెండు రోజుల దాకా ఆగవచ్చు. ముంబయి నుంచి నాందేడ్ 600 కిలోమీటర్లకు పైమాటే కనుక ఆ నిబంధన ఇక్కడ పనికివస్తుంది. రిజర్వేషను కావాలంటే మాత్రం ఆగే సంగతి టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పండి.

పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. సరిహద్దు గీత వారికి పటంలో ఎలాగూ కనిపిస్తుంది. ఆ గీతకు ముందు మనమంతా ఒకే జిల్లావాళ్ళమన్న సంగతి మనం చెబితేనే వారికి తెలుస్తుంది. అది చెప్పడానికి నాందేడ్ కంటే తగిన చోటు లేదు.